ఆజికి తెలుగు రాదు

ఆజికి తెలుగు బాగా వచ్చునని అమ్మకంటే చాలా ముందే నాకు తెలుసు. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మొన్న తార్నాక మెట్రో స్టేషన్ మెట్లు దిగుతున్నాను. వెనక నుంచి ఒకావిడ "ఇటు రా, చెయ్యి పట్టుకో" అంది. అన్నది తెలుగులో కాదు, హిందీలోనూ కాదు. నేను ఆగి, చెయ్యి వెనక్కి చాపాను. చాపాకగానీ తెలియలేదు, పిలిచింది నన్ను కాదని. ఆవిడ తన పిల్లను దగ్గరికి లాక్కుని, ఈమెకు నా పిల్లతో ఏం పని అన్నట్టు చూసింది. మీరు మాట్లాడింది మా ఇంటి మాటేనండీ అని చెప్పి ఉండవచ్చు. ముక్కూ మొహం తెలియనివాళ్లతో అంత మాట్లాడటం నాకు చేతకాదు. తల వంచుకుని దిగిపోయాను. ఇంటికి వచ్చినా ఆ పిలుపు చెవుల్లోనే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

నాన్నవాళ్లు ఆరెవాళ్లు. వరంగల్ వైపు పల్లెల్లో వ్యవసాయం చేసుకునే కుటుంబాలు. ఎన్ని తరాల కిందటో మరాఠీ దేశం నుంచి వచ్చి అక్కడ నిలిచిపోయారంటారు. పొలంలో, సంతలో తెలుగు. ఇంట్లో మాత్రం ఆరె. దానికి లిపి లేదు, పుస్తకం లేదు. అసలు మరాఠీవాళ్లు వింటే నవ్వుతారట. తెలుగువాళ్లు విని ఉర్దూ అనుకుంటారు. నాయనమ్మను మేం ఆజి అంటాం.

అమ్మది కోస్తా. యూనివర్సిటీలో కలిసి చదువుకునేటప్పుడు అమ్మా నాన్నా ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. పెళ్లయిన కొత్తలో ఊరికి వెళితే అత్తగారు తనతో ఒక్క ముక్క మాట్లాడలేదని అమ్మ నొచ్చుకుందట. "ఆమెకు తెలుగు రాదు, ఏమనుకోకు" అన్నాడట నాన్న. గొడవ లేకుండా పోతుందని అప్పటికి తోచిన మాట. ఊరికి వెళ్లినా అమ్మ రెండు రోజులకు మించి ఉండేది కాదు. ఆ ఇంట్లో అందరూ ఆరెలోనే మాట్లాడుకునేవాళ్లు. కాబట్టి నాన్న మాట ఏళ్ల తరబడి నిలబడింది.

నన్ను మాత్రం వేసవి సెలవులన్నీ అక్కడే వదిలేవాళ్లు. నాకు ఆరె అలా వచ్చింది. మిరపచేలో కూలివాళ్లతో ఆజి తెలుగులో ఎలాంటి వేళాకోళాలాడేదో, ఎలా తిట్టేదో విన్నాను. ఆమెకు తెలుగు వచ్చా అని నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న ఏడు తాత పోయాడు. ఆజి మా ఇంటికి వచ్చింది. తార్నాకలో ఒక గల్లీలో, కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. పైన ఓనర్లు. నాన్న ఉద్యోగం యూనివర్సిటీ ఆఫీసులో, నడిచే వెళ్లేవాడు. అమ్మ హబ్సిగూడలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. నాకు తొమ్మిదేళ్లు.

ఆజి రాగానే ఇంటి వాసన మారింది. తలకు రాసుకునే ఆముదం, జొన్నపిండి, సంచిలో తెచ్చుకున్న పసుపు కొమ్ములు. ఒక పొయ్యి మీద అమ్మ పప్పు ఉడుకుతుంటే రెండో పొయ్యి మీద ఆజి జొన్నరొట్టె కాల్చేది. దాంట్లోకి శనగపిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేసి గట్టిగా కలిపే పిట్ల. అమ్మ పప్పులో చింతపండు ఎక్కువ. నేను రెండూ తినేదాన్ని, ఇద్దరి మెప్పు కోసం.

గడప లోపల నేను తనతో ఆరె తప్ప ఇంకో మాట మాట్లాడకూడదనేది ఆజి పట్టు. పొరపాటున తెలుగులో మంచినీళ్లు అడిగితే వినపడనట్టు ఊరుకునేది. అదే ఆరెలో అడిగితే నీళ్లతోపాటు పుట్నాలూ బెల్లమూ దొరికేవి.

అమ్మ బడి నుంచి వచ్చి, మొహం కడుక్కునే వంకతో నన్ను పెరట్లోకి పిలిచేది.

"ఇవాళ ఏం చెప్పింది?"

"ఎవరమ్మా?"

"ఇంకెవరు, మీ ఆజి."

"గేదె గురించి చెప్పింది."

"నిన్నా గేదె గురించే అన్నావు."

"నిన్నటిది వేరే గేదె."

"గేదెల గురించి అంతసేపు నవ్వుకుంటారా ఎవరైనా? మధ్యలో నా పేరు వినిపించింది నాకు."

నిజంగా గేదె గురించే. మా ఊళ్లో ఒక గేదె తాత తలపాగా కనిపిస్తేనే పాలిచ్చేది. తాత పోయాక ఆ తలపాగాను గుంజకు చుట్టి, దాని ముందు కూర్చుని బాబాయి పాలు పితికాడు. ఆజి ఆ ముచ్చట చెబుతూ నవ్వేది, చివర కళ్లు తుడుచుకునేది. అదంతా తెలుగులోకి తెచ్చేసరికి ఎండిపోయి "గేదె గురించి" అని మిగిలేది. అమ్మ నా మొహంలోకి చూసేది, ఇంకా ఏదో దాచిపెట్టానన్నట్టు.

ఒకసారి అమ్మను సంతోషపెడదామని ఒక కల్పన చేశాను. "నీ పులిహోర చాలా బాగుందంది ఆజి" అన్నాను. అమ్మ మర్నాడూ పులిహోర చేసింది, ఆ మర్నాడూ చేసింది. పులుపు గిట్టని ఆజి ఒక్క ముద్ద తిని చెయ్యి కడుక్కుంది. "బాగుందన్న మనిషి రెండో ముద్ద ఎందుకు తినదు?" అంది అమ్మ. ఆ తర్వాత నేను ఏం చెప్పినా సగమే నమ్మేది.

ఇంటి బయటా అంతే. క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు నాన్నను కార్డు చూపించమనేవాళ్లు, రోజూ చూసే మొహమే అయినా. ఎవరు ఎవరితో మాట్లాడినా ముందు "మీదెక్కడ?" అనే ప్రశ్న వచ్చేది. అమ్మ ఆటోవాళ్లతో మాట్లాడటం మానేసింది. నా భుజం తట్టి, "నువ్వడుగు, హబ్సిగూడకు ఎంతని" అనేది. నేను గల్లీ పిల్లల మాటలో అడిగేదాన్ని. ఆటో ఎక్కాక ఇద్దరం దిగేవరకూ నోరు విప్పేవాళ్లం కాదు. కూరగాయల బండి దగ్గరా అంతే, వేలితో చూపించేది.

పై వాటా ఓనరాంటీ ఒకరోజు మెట్ల మీద నిలబడి అంది. "ఎప్పుడన్న ఖాళీ చేసేదుంటే ముందుగాల చెప్పుండ్రి. మా బావ కొడుక్కి ఇల్లు చూస్తున్నం."

"ఖాళీ చేస్తామని మేం అనలేదే" అంది అమ్మ.

"మీరన్నరని కాదు. ఊకె అడిగిన."

ఆ "ఊకె" గురించి అమ్మ వారం రోజులు ఆలోచించింది.

అమ్మ మనసు విప్పేది పిన్నితో ఫోనులోనే. సెల్‌ఫోన్‌కు సిగ్నల్ ముందుగదిలో కిటికీ దగ్గర మాత్రమే అందేది. అక్కడే ఆజి చాప మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉండేది.

"నేను స్టాఫ్‌రూంలోకి అడుగు పెట్టగానే అందరూ మాటలు ఆపేస్తారే. ఏమీ అనరు. ఆపేస్తారంతే... ఇంట్లో చూస్తే ఈవిడ. ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పరు. ఇల్లంతా ఆముదం కంపు. పిల్లా ఈవిడా ఒకటే గుసగుసలు. నా కడుపున పుట్టిన పిల్ల నోట్లో నా మాట లేకుండా చేసేట్టుంది... ఆఁ, ఎదురుగానే ఉంది. ఏం పర్లేదులే, తెలుగు రాదుగా."

ఆజి చేతిలో చిక్కుడుకాయ ఒక్క క్షణం ఆగేది. మళ్లీ ఈనె తీసేది.

బంద్ రోజుల్లో బడి ఉండేది కాదు. పొద్దున్నే ఆజితో క్యాంపస్‌లోకి వెళ్లేదాన్ని. హాస్టళ్ల వెనక తుప్పల్లో సీతాఫలాలు. కాపలా మనిషి అటు తిరగ్గానే నేను కోసేదాన్ని, ఆజి కొంగులో కట్టేది. ఇంటికి తెచ్చి జొన్నల సంచిలో పండేసేవాళ్లం. ముందు రోజు కొట్టిన టియర్ గ్యాస్ ఘాటు ఇంకా గాలిలో ఉండేది. కళ్లు మండితే ఆజి కొంగు తడిపి అద్దేది.

అక్కడ ఒక బండ మీద కూర్చున్నప్పుడు అడిగాను, నీకు తెలుగు వచ్చని అమ్మతో ఎందుకు చెప్పవని. ఆమె ఆరెలో అన్నదాన్ని తెలుగులో రాస్తున్నాను. అప్పుడు చేసిన పని ఇప్పుడూ చేస్తున్నాను.

"చెప్తే మీ అమ్మ సంతోషిస్తుంది. ఆ రోజు నుంచి నాతో తెలుగులో మాట్లాడుతుంది. నేనూ మాట్లాడాలి. మర్నాటి నుంచి నువ్వూ తెలుగులోనే మాట్లాడతావు, అది సులువు కాబట్టి. మీ నాన్న ఎప్పుడో మానేశాడు. అప్పుడు నేనీ మాట ఎవరితో మాట్లాడను, ఈ బండతోనా?"

"నేను మానను" అన్నాను.

"మానతావు. అందుకే ఎవరికీ చెప్పకు."

నేను చెప్పలేదు. అమ్మ తరఫున ఆజి మాటలు మోసేదాన్ని, ఆజి తరఫున ఆమె గుట్టు మోసేదాన్ని. ఇద్దరిలో ఎవరు పిలిచినా ముందు భయం వేసేది. అందరూ నన్ను నెమ్మదస్తురాలు అనుకున్నారు.

ఒక ఆదివారం తార్నాక రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు ఆపి, అక్కడే పొయ్యిలు పెట్టి, అందరూ కలిసి వండుకుని తినడం. ఉద్యమంలో అదొక పద్ధతి. గల్లీలో ఇంటికొకరు రావాలని హాస్టల్ పిల్లలు చెప్పి వెళ్లారు. అమ్మ పొద్దున్నే ఫోనులో పిన్నితో అంది. "వెళ్తే ఈవిడెందుకొచ్చిందంటారు. వెళ్లకపోతే చూశావా రాలేదంటారు. పైన ఆవిడ ఎవరొచ్చారో ఎవరు రాలేదో కిటికీలోంచి లెక్క పెడుతోంది." ఆదివారమైనా బడిలో పేపర్లు దిద్దే పని ఉందని చెప్పి బయల్దేరింది. బస్సుల్లేవు, నడిచే వెళ్లింది.

అమ్మ అటు వెళ్లగానే ఆజి లేచి మంచి చీర కట్టుకుంది. జొన్నపిండి గిన్నె నా చేతికిచ్చి, పెనం తను పట్టుకుంది. ముందు వరసలో, అందరికీ కనిపించేట్టు, మూడు ఇటుకల పొయ్యి దగ్గర కూర్చుంది. పొగ, డప్పులు, పెద్ద గుండిగల్లో అన్నం. ఆజి రొట్టె తడుతూ, నీళ్లు ఇటివ్వమని నాతో ఆరెలో అంది.

పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్న ఒక హాస్టల్ అబ్బాయి తలెత్తాడు. "ఏం భాష అవ్వా అది? మీదెక్కడ?"

ఆజి రొట్టె తిరగేసింది. కొంచెం అవతల కూర్చున్న ఓనరాంటీ అందుకుంది. "మా కిందింటోళ్లు. ఆమె కోడలు ఆంధ్రామె."

చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. మాటలు ఆపేయడమంటే ఏమిటో అమ్మ ఫోనులో అన్నప్పుడు నాకు అర్థం కాలేదు. అప్పుడు అర్థమైంది.

ఆజి పిండి చేతులతోనే లేచింది. ఆ అబ్బాయి పక్కనున్న మైకు తీసుకుంది. ఆమె తెలుగు నేను ఊళ్లో విన్నదే. ఆ రోడ్డంతా వినపడటం మాత్రం అదే మొదలు.

"మాది ఆరె మాట. మా భూమి వరంగల్ దిక్కు. తెలుగు గూడ మాదే, నీకన్న ముందుగాల నేర్చుకున్న బిడ్డా. నా కోడలు ఆంధ్రామెనే, అయితే ఏంది? పొద్దుగాల్నే లేసి వండుతది, బడికి పోయి మీ పిల్లలకే చదువు చెప్తది. ఆమె రాంగనే పంతులమ్మలు ముచ్చట బంద్ పెడ్తరట. ఇల్లెప్పుడు ఖాళీ చేస్తవని అడుగుతరట. తెలంగాణ గావాలె, నాక్కూడ గావాలె. గని నా కోడల్ని ఎవలన్న ఒక్క మాట అంటే నేను ఊర్కోను."

"అవ్వ మస్తు చెప్పింది" అని ఎవరో అరిచారు. చప్పట్లు, మళ్లీ డప్పు. ఓనరాంటీ కొంగు సర్దుకుని గుండిగ వైపు వెళ్లింది. నాకు గర్వంగా ఉంది. వెనక్కి తిరిగేసరికి జనం అంచున అమ్మ నిలబడి ఉంది, భుజానికి సంచితో. బడి తాళం వేసి ఉంటే తిరిగి వచ్చేసిందట.

అమ్మ మొహంలో సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. స్టాఫ్‌రూం సంగతి అమ్మ పిన్నికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పింది తెలుగులో, కిటికీ దగ్గర నిలబడి.

ఇంటికి వచ్చాక అమ్మ గొంతు పెంచలేదు. ముందుగదిలో ఆజి ఎదురుగా చాప మీదే కూర్చుంది. నాన్న చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను ఫోన్లో మాట్లాడినవన్నీ మీకు అర్థమయ్యాయా?"

"అయినయ్" అంది ఆజి, తెలుగులో.

"ఆముదం గురించి అన్నది?"

"విన్న."

"ఎన్నాళ్లుంటారో అన్నది?"

"అది గూడ విన్న. నేనేం మనసుల పెట్టుకోలే. నేను మా అత్తను గంతకన్న ఎక్కువే అన్న."

"మరి ఇన్నాళ్లూ పిల్లతో ఏం మాట్లాడేవారు, నాకు తెలియకుండా?"

"బర్రె గురించి."

అమ్మ నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నాన్న వైపు తిరిగింది. "తెలుగు రాదన్నారు."

"గప్పుడేదో అన్నలే" అన్నాడు నాన్న.

"నా మేలు కోరే ఆవిడ మాట్లాడారు, అది నాకు తెలుసు" అంది అమ్మ. "కానీ బడిలో నన్ను చూసి మాటలు ఆపేస్తారు. ఇంట్లో నాకు తెలియని మాటలు మాట్లాడతారు. నేనెక్కడ కూర్చోను? ఇకనుంచి ఈ ఇంట్లో నాకూ తెలిసిన భాషే మాట్లాడండి. అంతకంటే ఏమీ అడగను."

అది అన్యాయమని అప్పుడు అనిపించింది. ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఆజి చాప అంచు సరిచేసింది. తర్వాత "సరే" అంది.

ఆ మాట మీద నిలబడింది. అమ్మతో ఉప్పు గురించీ గ్యాస్ గురించీ తెలుగులో మాట్లాడేది. అమ్మా మర్యాదగా జవాబిచ్చేది. అమ్మ ఫోను డాబా మీదికి మారింది. ఇద్దరి మధ్యా నేను మోయాల్సిన మాటలు లేకుండా పోయాయి. నాతో మాత్రం ఆజి అసలు మాట్లాడటం మానేసింది. ఆరెలో మాట్లాడనని ఒప్పుకుంది. నాతో తెలుగు మాట్లాడటానికి మనసు ఒప్పలేదు. అన్నం తిన్నావా అని సైగ చేసేది. జడ వేస్తూ, ఇటు తిరగమని గడ్డం పట్టుకుని తిప్పేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. క్యాంపస్ గేట్లు మూసేశారు, బండ దగ్గరికి వెళ్లే దారి లేదు. అమ్మ ఇంట్లో లేదు కదా అని నేను ఆరెలో, ఆ గేదె ఇప్పుడెవరికి పాలిస్తోందని అడిగాను. ఆజి వంటింటి గుమ్మం వైపు చూసి, "నక్కో" అంది. వద్దు అని. ఆమె నోటి నుంచి నేను విన్న చివరి ఆరె మాట అది.

కొన్నాళ్లకు బాబాయి వచ్చాడు, పత్తి ఏరడానికి మనుషులు దొరకడం లేదని. ఆజి సంచి సర్దుకుంది.

"నేను వెళ్లమనలేదు అత్తయ్యా. ఉండండి" అంది అమ్మ.

"నువ్వన్నవని ఎవలన్నరు బిడ్డా. పత్తి పాడైతది."

ఆ సాయంత్రం అమ్మ నాన్నను అడిగింది, పత్తి సంగతి నిజమేనా అని. నిజమేనన్నాడు నాన్న. నిజమే కూడా. కానీ ఒకసారి ఆజికి తెలుగు రాదని చెప్పిన మనిషి కాబట్టి అమ్మ ఇప్పటికీ నమ్మదు.

డైరీ రాయడం ఆ ఏడే మొదలుపెట్టాను, తెలుగులోనే. ఆరె మాటలు తెలుగు అక్షరాల్లో రాసి చూస్తే ఎవరివో అనిపించేవి, కొట్టేసేదాన్ని. ఇప్పుడు నా దగ్గర మిగిలింది తొమ్మిదేళ్ల పిల్ల ఆరె. అందులో నీళ్లు అడగగలను, ఆకలంటే చెప్పగలను, గేదెను అదిలించగలను. ఒక పెద్ద మనిషి మరో పెద్ద మనిషితో మాట్లాడేదేదీ చేతకాదు. పోయినేడు అమ్మ ఉన్నట్టుండి "నీకు ఆ భాష ఇంకా వచ్చా?" అని అడిగింది. రాదన్నాను. అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది.

ఆజి వెళ్లిన మరుసటి వేసవికి మేం ఊరు వెళ్లేలోపే ఆమె పోయింది. కాబట్టి నాకున్నది ఆమె బయల్దేరిన ఆ ఉదయమే. గల్లీ మొదట్లో ఆటో ఆగి ఉంది, బాబాయి లోపల కూర్చున్నాడు. గేటు దగ్గర అమ్మ, పైన మెట్ల మీద ఓనరాంటీ. నేను సంచి అందించాను. ఆజి వంగి నా తల మీద చెయ్యి పెట్టింది. చెవిలో ఒక్క మాట, మన మాటలో, చెబుతుందనుకుని తల దగ్గరికి జరిపాను. ఆమె నన్ను చూడలేదు, గేటు దగ్గరున్న అమ్మను చూసింది. సాయంత్రం నన్ను పెరట్లోకి పిలిచి ఏం చెప్పిందని అడగాల్సిన పని అమ్మకు ఉండకూడదనుకుందో, మానతావని ముందే చెప్పానుగా అనుకుందో, రెండింటిలో ఏదో నాకు ఇప్పటికీ అనుమానమే. గేటు దాకా వినపడేట్టు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నాతో తెలుగులో అంది:

"మంచిగ సదువుకో బిడ్డా. మీ అమ్మ చెప్పినట్టు ఇను."